పన్ను లేని వడ్డీ, పెంకులు లేని ఇల్లు

హనుమాన్ జంక్షన్,
5-3-1978.

ప్రభువునందు గౌరవనీయులైన శౌరయ్య అన్నయ్యగారికి తోడల్లుడు జక్కయ్య వందనాలు. ఇక్కడ నేను, మార్త, పిల్లలు, పక్క వీధిలో అత్తగారు అందరం క్షేమం.

పొలం ముక్క అమ్మిన డబ్బు అత్తగారు మనిద్దరికీ చెరిసగం ఇచ్చి, వానలు పడేలోగా తన తాటాకింటికి పెంకులు వేయించమన్నారు గదా. నా సగం ఇక్కడ బ్యాంకులో వేశాను. తీరా వేశాక, బ్యాంకుల్లో వడ్డీ తగ్గిందని పేపర్లో పడింది. ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు. పిల్లలకు బారువడ్డీ లెక్కలు చెప్పే మాస్టర్ని. పెద్దవారు కాబట్టి మీ మాట కూడా వినడం మర్యాదని రాస్తున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు
జక్కయ్య

తా.క.: నిజానికి తెలియకే. ఈ ముక్క మార్త చెవిన పడనివ్వకండి.

*

వన్ టౌన్, విజయవాడ,
14-3-1978.

చిరంజీవి తమ్ముడు జక్కయ్యకు దీవెనలు.

నన్ను అడిగి మంచి పని చేశావు. పప్పుల కొట్లో ఇన్నేళ్ళుగా పద్దులు రాస్తున్నానంటే ఊరికేనా? మొన్న మా షావుకారుగారు ఒక మిల్లు ఆసామితో అంటుంటే విన్నాను: "బ్యాంకు వడ్డీ మీద పన్ను పడుద్దండీ. పోస్టాఫీసు సేవింగ్సు వడ్డీకైతే దమ్మిడీ పన్ను లేదు." కనుక వెంటనే పోస్టాఫీసుకు మార్చు. వడ్డీ తగ్గే రోజుల్లో పన్ను కూడా కడితే మనకు మిగిలేదేమిటి? నా సగం ఏనాటి నుంచో అక్కడే ఉంది.

ఆశీస్సులతో,
శౌరయ్య

తా.క.: ఏనాటి నుంచో అంటే ఇవాళ పొద్దుటి నుంచి. అంతవరకూ మీ వదిన బియ్యం డబ్బాలో ఉంది.

*

హనుమాన్ జంక్షన్,
20-4-1978.

పూజ్యులైన అన్నయ్యగారికి వందనాలు.

మీరు చెప్పినట్టే బ్యాంకులో తీసి ఇక్కడి పోస్టాఫీసులో వేశాను. అక్కడితో ఆగితే మామూలు మనిషినే అయ్యేవాణ్ణి. పెంకులు మీ వన్ టౌన్‌లో హోల్‌సేల్‌గా కొంటే చవక. అంత డబ్బు జేబులో పెట్టుకుని బస్సెక్కడం ప్రమాదం. అందుకని ఖాతానే మీ వన్ టౌన్ పోస్టాఫీసుకు బదిలీ చేయమని అర్జీ పెట్టి, పాసుబుక్కు వాళ్ళ చేతికిచ్చి వచ్చాను. నా తెలివికి మీరు ఆశ్చర్యపోతారని తెలుసు.

ఇట్లు,
జక్కయ్య

తా.క.: ఇది మార్తకు కూడా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

*

వన్ టౌన్,
20-4-1978.

తమ్ముడు జక్కయ్యకు దీవెనలు.

నీకొక శుభవార్త. పెంకులు అత్తగారి ఊరి దగ్గరే కొంటే బండి కూలి కలిసొస్తుందని బుర్రకు తట్టింది. వెంటనే నా ఖాతా మీ జంక్షన్ పోస్టాఫీసుకు బదిలీ పెట్టేశాను. నీది ఎలాగూ అక్కడే ఉంది. రెండూ ఒకచోట చేరితే అత్తగారి పని ఇట్టే అయిపోతుంది.

ఆశీస్సులతో,
శౌరయ్య

తా.క.: ఇంత ముందుచూపు నాకెక్కడిదని మీ వదిన అమలమ్మ అడుగుతోంది.

*

హనుమాన్ జంక్షన్,
13-5-1978.

అన్నయ్యగారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. నాది అక్కడికి, మీది ఇక్కడికి! ఇక ఉత్తరాలతో లాభం లేదని నిన్న బస్సెక్కి మీ వన్ టౌన్ పోస్టాఫీసుకు వెళ్ళాను. "మీ ఖాతా ఇంకా దారిలో ఉందండీ" అన్నాడు గుమాస్తా. మీ ఇంటికొస్తే, మీరూ మీ డబ్బు కోసం పొద్దున్నే మా జంక్షన్‌కు బయల్దేరారని వదినగారు చెప్పారు. మన బస్సులు ఏ గన్నవరం దగ్గరో ఎదురుపడి ఉంటాయి. తలుచుకుంటే నా మీద నాకే నవ్వొచ్చింది.

అక్కడే ఇంకో అర్జీ రాసిచ్చాను, నా ఖాతా తిరిగి ఇక్కడికే పంపమని. మీది మాత్రం కదపకండి.

ఇట్లు,
జక్కయ్య

తా.క.: మీ కోసం వండిన చేపల పులుసు నేనే తిన్నాను. బాగుంది.

*

వన్ టౌన్,
24-5-1978.

తమ్ముడు జక్కయ్యకు,

కదపవద్దన్న నీ ఉత్తరం అందేసరికే కదిపేశాను. ఆ రోజు మీ పోస్టాఫీసులోనూ అదే మాట, దారిలో ఉందని. నేనూ వెనక్కి పంపమని అక్కడే అర్జీ పెట్టి వచ్చాను. ఇప్పుడు రెండు ఖాతాలూ మళ్ళీ ప్రయాణంలో ఉన్నాయి.

ఇంకో సంగతి. నిన్న జీతం అందుకుంటుంటే ఒక అనుమానం వచ్చింది. పన్ను, పన్ను అని పరుగెత్తాం గదా, మనం ఎన్నడైనా పన్ను కట్టామా? నీ జీతం, నా జీతం కలిపినా ఆ మెట్టు ఎక్కలేం. షావుకారుగారి భయాన్ని నేను అరువు తెచ్చుకున్నాను. పన్ను లేనివాడికి పన్ను మినహాయింపు బోడిగుండుకు దువ్వెన లాంటిది. ఆ దువ్వెన నీకూ ఇచ్చాను, క్షమించు.

నీ అన్న,
శౌరయ్య

తా.క.: మార్త పెట్టిన గోంగూర బాగుంది. ఈ వ్యవహారంలో వచ్చిన వడ్డీ అదొక్కటే.

*

హనుమాన్ జంక్షన్,
14-6-1978.

అన్నయ్యగారికి వందనాలు.

మొన్న వాన పడింది. నేను వెళ్ళేసరికి అత్తగారు గిన్నెలన్నీ కారేచోట పెట్టి, మంచం మీద గొడుగు వేసుకుని జపమాల చెప్పుకుంటున్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నా ఖాతా నిన్నే తిరిగొచ్చింది. మీదీ వచ్చే ఉంటుంది. ఇప్పుడే డబ్బు తీసుకొస్తానని పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఎన్ని తిట్లయినా పడటానికి సిద్ధంగా నిలబడ్డాను.

ఆవిడ తిట్టలేదు. "వానల్లో పెంకులెవడు కప్పుతాడయ్యా? ఇంత చదువుకున్నోళ్ళు, ఇద్దరు కలిసి మూణ్ణెల్లు తిరిగినా మీకే చేతికి రాలేదే, ఇంక దొంగోడికి ఏం దొరుకుద్ది? అంత గట్టి పెట్టె నాకింకెక్కడుంది? వచ్చే ఎండాకాలం దాకా అక్కడే ఉండనీండి" అన్నారు.

ఈ ఏడాదికి తాటాకే. ఆకులు తెప్పించేశారు. కూలివాళ్ళను మాత్రం పిలవలేదు, ఇద్దరల్లుళ్ళుండగా ఎందుకన్నారు. ఆదివారం పూజ కాగానే పాత పంచె కట్టుకుని వచ్చేయండి.

ఇట్లు,
జక్కయ్య

తా.క.: నిచ్చెన అత్తగారే పట్టుకుంటారట. పడిపోతామని కాదు, పని సగంలో ఉండగా ఇంకో చోటికి బదిలీ పెట్టుకుంటామేమోనని.