మిషన్ మీద నుంచి దించిన కీబోర్డు

జయంతీ,

సత్యవేడులో పెండ్లి కచేరీకి పోతా ఉండాను, రేపు మధ్యాన్నానికి వస్తాను. నేను పాటలు కట్టే పెద్ద మిడి కీబోర్డును నీ కుట్టు మిషన్ బల్ల మీద నుంచి దించి బీరువా పక్కన నిలబెట్టినాను. మళ్లీ ఎత్తి పెట్టొద్దు. ఇకమీదట ఇరవై ఐదు కీస్ ఉండే చిన్నదే కంప్యూటర్ ముందర ఉంటాది, నాకది చాలు. మిషన్‌కు నూనె పోసి బెల్టు బిగించినాను.

నిన్న పక్కింటి సబియా అక్క అడిగింది. "జయంతి మిషన్ ఇంకా రిపేరేనా తమ్ముడా? మూణ్ణెల్లుగా మా ఇంట్లోనే కుడతా ఉండాది" అని. నువ్వు ఆడికి పోయేది మాటలకనుకుంటి. తలెత్తి ఆమె మొగం సూడలేకపోయినాను. ఎనభై ఎనిమిది కీస్ లేకుంటే పాట కట్టలేనని మొండికేసి నీ బల్ల లాక్కుంటిని. నువ్వేమో మిషన్ రిపేరని చెప్పి ఆమె ఇంట్లో కుట్టుకుంటివి.

ఇంకోటి. పెద్దదాన్ని ముట్టుకోవద్దని నిన్ను కసిరినాను కదా. దించేటప్పుడు సూస్తే, నడిమి జానా బెత్తెడు తప్ప రెండు కొసలా దుమ్ము పేరుకోని ఉండాది. ఆ కొసల్ని నేనూ ముట్టుకోలేదు.