బొట్టు పెట్టే చోటు

యాదగిరీ,

నువ్వు పోయాక మన కంపెనీ చేసిన మొదటి కొత్తరకం కంప్యూటర్‌కి ఇవాళ ఫిల్మ్ నగర్ ఆఫీసులో పూజ చేశాం. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

రహమత్ నగర్ కిరాయి గదిలో మనిద్దరం మొదటి కంప్యూటర్ బిగించిన రోజు నువ్వు క్యాబినెట్ లోపల కుంకుమ బొట్టు పెట్టావు. బయట పెట్టొచ్చు కదా అంటే, "బయట పెడ్తే తుడిచేస్తరన్నా. లోపలైతే మళ్ల విప్పినప్పుడు మనకు కనబడ్తది" అన్నావు. సినిమా ఆఫీసుల్లో స్క్రిప్టులు టైపు చేసే మెషిన్లతో మొదలుపెట్టి, ఎడిటింగ్ రూముల దాకా, గ్రాఫిక్స్ వాళ్ల దాకా ఎదిగాం. ఏది రిపేరుకొచ్చినా మూత తీసి, బొట్టు చూసి, "మన బిడ్డనే" అని నవ్వేవాడివి. విప్పడానికి వీల్లేనిది మన పేరు మీద అమ్మొద్దని నాతో ఎంత పోట్లాడావు! నువ్వున్నన్నాళ్లూ ఆగాను.

ఇవాళ్టిది పలచగా, అందంగా ఉంది. పైకి ఒక్క స్క్రూ కూడా కనిపించదు.

నీ కూతురు సుజాత నీ కుంకుమ బరిణె తెచ్చింది. వేలితో కుంకుమ తీసుకుని, మెషిన్ చుట్టూ చూసి, "పెద్దనాన్నా, ఎక్కడ తెరవాలె?" అంది.

"ఇది తెరిచేది కాదమ్మా."

"మరి ఖరాబైతే?"

"కొత్తది కొనుక్కుంటారు."

బయటే పెట్టెయ్యమ్మా అనబోయాను. ఆ పిల్ల వేలికున్న కుంకుమను చున్నీకి తుడిచేసుకుంది.