మొదట ఎక్కేవాళ్లు

మామయ్యగారికి,

మీరు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నలుగురిలో పరువు తీశానని అత్తయ్యతో అన్నారట. ఆస్పత్రివాళ్లంతా రిబ్బను కట్టి ఎదురుచూస్తుంటే, "ఈ లిఫ్టు ఈరోజు అప్పగించలేం" అని నేను అనేయడం మీకు తలవంపులే. కాదనను.

కానీ మన లిఫ్టుల కంపెనీలో ఆ పద్ధతి పెట్టింది మీరే కదా. అప్పగించే ముందు, కంపెనీ నడిపే మనిషి తన ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని మొదట ఎక్కాలి. మీరైతే మీ అబ్బాయిని చంకనేసుకుని ఎక్కేవారట. నేనూ పాపనెత్తుకుని తలుపు దాకా వెళ్లాను. పొద్దున పరీక్షలో బ్రేకు ఒకసారి జారిందని మెకానిక్ అప్పుడు చెప్పాడు. "ఒక్కసారేగా, ఎక్కమ్మా" అన్నారు మీరు. నాకు కాలు ముందుకు పడలేదు. నా పిల్లను ఎక్కించలేని దాంట్లో ఎవరింటి పిల్లలనో ఎలా ఎక్కించను?

బ్రేకు మార్చాం. ఆస్పత్రివాళ్ల చీవాట్లన్నీ నేనే తిన్నాను, మీ పేరు రానివ్వలేదు. కంపెనీ నడపమని మీరు నాకిచ్చిన ఈ కుర్చీ ఇంకెవరికైనా ఇస్తానంటే ఇవ్వండి, అలగను. మీ అబ్బాయి మాత్రం మనిద్దరి మధ్యా నలిగిపోతున్నారు.

ఆదివారం పొద్దున మళ్లీ అప్పగింత. ఇంటి మనిషి ఒకరు నాతో ఎక్కాలి. పాప ఉంది, మీ అబ్బాయీ ఉన్నారు. నాకు మాత్రం మీరే కావాలి. పై అంతస్తు చేరేలోపు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేయండి. తలుపులు మూసుకుని ఉంటాయి, నేనెక్కడికీ పారిపోలేను.

మీ కోడలు