ఫ్రిజ్‌లో పెట్టిన మందు

హన్నమ్మ వదినకు,

రాజుపాలెంలో నీ కూతురు దీపిక దగ్గర నీకు కాస్త నెమ్మదించిందని విన్నాను. అన్నం తింటున్నావో లేదోనని నాకు ఒకటే దిగులు.

కొత్త కరెంటు మీటరు పెట్టడానికి వచ్చిన రోజు నువ్వు గోడ మీద నుంచే చెప్పావు, "వద్దని చెప్పు వదినా. నువ్వసలే పిరికిదానివి, రోజూ దాని ముందే కూచుంటావు" అని. వద్దంటే ఉన్న కరెంటు కూడా తీసేస్తారేమోనని నేను పెట్టించుకున్నాను. చివరికి నువ్వన్నట్టే అయింది. గిర్రున పెరిగే ఆ అంకెలు చూసి, బిల్లు ఎంతొస్తుందోనని బెదిరిపోయి నెల రోజులు పగలంతా ఫ్రిజ్ ఆపేశాను. సాయంత్రం నువ్వు ఇంజెక్షన్ కోసం వచ్చేలోపు మళ్ళీ వేసేదాన్ని. మీ ఇంట్లో ఫ్రిజ్ లేక నా దగ్గర దాచుకున్న నీ సుగరు ఇంజెక్షన్లు అందులోనే ఉన్నాయని నాకు తెలుసు. తలుపు తియ్యకుంటే చల్లగానే ఉంటాయిలే అనుకున్నాను. ఈ ఎండలకు మందు చెడిపోతుందని తోచలేదు.

నువ్వు మిరప కల్లంలో పడిపోయాక, ఆసుపత్రిలో దీపిక నా ఎదుటే నిన్ను తిట్టింది. "ఈస్టరుకి పాయసం తాగుంటావు, సుగరు పెరగక ఏమైద్ది" అంది. తాగలేదే అని నువ్వు చెబుతూనే ఉన్నావు. నేను ఫ్రిజ్ సంగతి దాచుకుని నీ దుప్పటి సర్దాను.

మీటరుది తప్పు కాదు వదినా, నాదే. నీకు చదువు రాదు, ఇది దీపికే చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను.

అమ్మా దీపికా, ఈస్టరు రోజు మీ అమ్మ పాయసం ముట్టలేదు. తన గ్లాసు కూడా నాకే ఇచ్చింది.

మీ పక్కింటి అత్త