మంచి నేల

జూన్ 4

ప్రియమైన అన్నయ్యకు,

ఆపరేషన్ అయింది. నడుములో రెండు స్క్రూలు బిగించారు. ఇంకో ఏడు వారాలు ఈ ఆసుపత్రి మంచమే నా ఇల్లు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నువ్వు ప్రార్థన మొదలుపెడితే ఆపవు. ఉత్తరమైతే మడిచి దిండు కింద పెట్టుకోవచ్చు.

మా ఇంటి వెనక గాజుగది తాళం పక్కింటి టీచరమ్మ దగ్గరుంది. నీ కుట్టు షాపు మా వీధి చివరే కాబట్టి నిన్నడుగుతున్నాను. వేరే కారణం వెతకకు. నలభై కుండీలు, అన్నీ పురుగుల్ని పట్టి తినే మొక్కలే. రోజూ సాయంత్రం అడుగు పళ్ళేల్లో నీళ్ళు పొయ్యి. డ్రమ్ములో పట్టిన వాననీళ్ళే పొయ్యి, కుళాయి నీళ్ళు వద్దు. మట్టి మార్చొద్దు, ఎరువు వెయ్యొద్దు. తలుపు మీద కూడా రాసి అంటించాను. పెద్ద కూజా మొక్కకు మొదటిసారి మొగ్గ వచ్చింది. గింజ నుంచి తొమ్మిదేళ్ళు పెంచాను దాన్ని. అది విచ్చుకునేసరికి లేచి దాని ముందు నిలబడాలని నా పంతం.

ఇంకొక్క మాట. నిరుడు చర్చిలో ఇవే మొక్కల్ని ఉదాహరణగా తీసుకుని, తీపి చూపి చంపే ఆడదాని మీద ప్రసంగం చేశావు. నా పేరెత్తలేదు. సంఘం మొత్తం మాత్రం మెడలు తిప్పి నన్నే చూసింది. ఈసారి వాటి మీద ప్రసంగం వద్దు. అంతే.

నీ చెల్లి

జూన్ 12

ప్రియమైన చెల్లాయికి,

నీ స్వస్థత కోసం సంఘమంతా మోకరించింది. నువ్వు వద్దన్నా మోకరిస్తుంది. నీళ్ళు చెప్పినట్టే పోస్తున్నాను. మొగ్గ బొటనవేలంత అయింది.

కానీ నా ఆత్మ ఊరుకోవడం లేదమ్మా. ఆదిలో జంతువుకు పచ్చని మొక్క ఆహారంగా ఇవ్వబడింది గాని, మొక్కకు ప్రాణి ఇవ్వబడలేదు. నిన్నొక ఈగ ఆ పళ్ళనోటి మొక్క మీద వాలింది. గుప్పిట మూసినట్టు మూసుకుంది. లోపల కాళ్ళు కొట్టుకోవడం బయటికి కనిపిస్తూనే ఉంది. అరగంట నిలబడ్డాను. చాప కింద పామును చూసినట్టుంది నాకు. ఇంత అందమిచ్చినవాడు ఈ బుద్ధి ఇచ్చి ఉండడు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? తెలిస్తే చెప్పు.

నీ అన్నయ్య

జూన్ 18

ప్రియమైన అన్నయ్యకు,

అది బుద్ధి కాదు, ఆకలి. ఆ జాతులు పుట్టేది సారం లేని బురదలో. వేళ్ళకు తిండి దొరకదు కాబట్టి ఆకులతో పట్టుకుంటాయి. అందులో పాపమూ లేదు, పుణ్యమూ లేదు. ఈగ మీద అంత జాలి ఉంటే నీ షాపులో దోమల బ్యాట్ ఎందుకు వేలాడుతోందో చెప్పు.

నిన్న వాకర్ పట్టుకుని తలుపు దాకా నడిచాను. ఫిజియో అమ్మాయి నన్ను మొండిఘటం అంది. పొగడ్తే అనుకున్నాను. మొగ్గ రంగు తిరిగిందా, రాయి.

నీ చెల్లి

జూలై 1

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం చదివిన రోజు ఒక్క జాకెట్టు కూడా కుట్టలేకపోయాను. ఆకలే కారణమా! మరి ఆకలి తీరిస్తే? రాతినేల, ముళ్ళనేల, మంచినేల మీద విత్తనాలు పడ్డ ఉపమానం చిన్నప్పుడు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది నేనే. పోయిన సోమవారం నల్లమట్టి, మాగిన పేడ ఎరువు రెండు బస్తాలు తెప్పించాను. నలభై కుండీలూ నా చేతులతోనే మార్చాను. తలుపు మీద నువ్వు రాసింది చదివాను. కానీ రోగి వద్దంటే వైద్యుడు మందు మానేస్తాడా?

ఇక అవి చంపనక్కర్లేదు. నిన్న ఆదివారం పెద్ద కూజాను తీసుకెళ్ళి ప్రసంగపు బల్ల మీద పెట్టాను. నేల మారితే తోడేలు గొర్రెపిల్ల అవుతుందన్నాను. కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. కోప్పడకు, నిన్ను తలవలేదు. మొక్కలు కళకళలాడుతున్నాయి.

నీ అన్నయ్య

జూలై 6

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందగానే టీచరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ వెళ్ళి చూసింది. నలభైలో ఒక్కటీ పచ్చగా లేదు. వేలు తగలగానే మొగ్గ రాలిపోయిందట. ఎరువుకు వాటి వేళ్ళు మాడిపోతాయి. ఆకుల అంచులు నల్లబడిన రోజే మొక్కల్ని మట్టిలోంచి తీసి వేళ్ళను వాననీళ్ళతో కడిగితే చాలావరకు బతుకుతాయి. అదీ ఆ తలుపు మీద రాసే ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. నల్లబడటం ఏ రోజు మొదలైంది? నీకు తెలియక జరిగితే అది నీ మూర్ఖత్వం. దానితో యాభై ఏళ్ళుగా వేగుతున్నాను, ఇంకొన్నాళ్ళు వేగుతాను. తెలిసీ ఊరుకుంటే మాత్రం, ఆ తాళంచెవి టీచరమ్మకిచ్చేసి మా గడప తొక్కకు. రోజు పేరు రాయి చాలు. వాక్యాలు రాయకు.

చెల్లి

జూలై 15

చెల్లీ,

శనివారం.

ఆదివారానికి ముందు రోజు. కూజా మూతి చుట్టూ నిప్పు అంటించినట్టు నల్లగా ఉంది. తలుపు మీది నీ కాగితం మళ్ళీ చదివాను. డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి. కానీ ప్రసంగం అప్పటికే సిద్ధమైపోయింది. షాపు నుంచి చిన్న కత్తెర తెచ్చాను. నల్లబడిన అంచులన్నీ వంపు చెడకుండా కత్తిరించి, మర్నాడు ఆ కుండీని బల్ల మీద పెట్టాను. కళకళలాడుతున్నాయని నీకు రాసేనాటికి సగం వాలిపోయి ఉన్నాయి.

తాళంచెవి టీచరమ్మకిచ్చేశాను.

నిన్న సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్పాను, కత్తెర సంగతితో సహా. అబద్ధం చూపించి మిమ్మల్ని ఏడిపించాను అన్నాను. తల దించుకుని తిట్ల కోసం నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. పోయినసారికన్నా ఎక్కువ ఏడ్చారు. ఒక పెద్దావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "ఎంత వినయం బాబూ, ఇంత గొప్ప ప్రసంగం నేను వినలేదు" అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

పక్క పేట సంఘంవాళ్ళు వచ్చే ఆదివారం ఇదే చెప్పమని పిలిచారు. వస్తానన్నాను.

అన్నయ్య