నాన్నకు తేనె పంపకు

తమ్ముడు సాలిమీన్‌కు, ముకల్లా ఆసుపత్రి నుంచి అక్క దీవెనలు. అల్లా దయవల్ల నాన్న ప్రాణం దక్కింది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని మందుతో కరిగించారు. చచ్చుబడ్డ కుడిచెయ్యి మర్నాటికే కదిలింది. నువ్వు పంపిన తేనె మందే కదా అని, చూడవచ్చినవాళ్లంతా తలో చెంచా నాకించారు. నేనూ వద్దనలేదు. షుగర్ బాగా పెరిగి చెయ్యి మళ్లీ బరువెక్కింది.

"తేనె కూడా చక్కెరేనమ్మా! షుగర్ ఇలా ఉంటే మెదడెలా కోలుకుంటుంది?" అని డాక్టరమ్మ కోప్పడింది.

"తేనెటీగకు లేని తెలివి ఈవిడకుందా!" అని మేనత్త గొణిగింది.

ఇప్పుడు సూదిమందుతో షుగర్ తగ్గిస్తున్నారు. తేనె పంపకు, నువ్వే రా. మేకలు ఈనాయా? అమ్మ మోకాళ్లకు నువ్వులనూనె తే. ఎడమచేత్తో తినడం తప్పని నాన్న పళ్లెం ముట్టడు. నేను తినిపిస్తుంటే కళ్లు మూసుకుంటాడు. ఆ కుడిచెయ్యి కోసం అల్లాకు దువా చెయ్యి.

అక్క ముజ్నా