తోక కింది కొక్కెం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేవీలో నువ్వు పనిచేసిన తొలి జెట్ విమానాలు ఓడ మీద దిగేటప్పుడు, తోక కింది కొక్కెం అడ్డంగా కట్టిన ఉక్కుతాడుకు తగులుకుని ఆగేవని చెబితే మన ఊరు బెళుగుప్పలో ఎవరూ నమ్మలేదు. బావిలో పడ్డ బిందెలు తీసే గాలం చూపించి మరీ చెప్పేవాడివి. అందరికంటే ఎక్కువ నవ్వింది నీ స్నేహితుడు ఓబులేసు మామే.

పోయిన నెల ఆయన్ను గోవాలో విమానాల మ్యూజియంకు తీసుకుపోయాను. పంచె ఎగ్గట్టి, నీ జెట్ కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశాడు.

"మీ నాయన నిజమే చెప్పినాడప్పా. అచ్చం గాలం మాదిరే ఉండాది."

ఇప్పుడు రోజూ టీ అంగడిలో గాలం పట్టుకుని ఆయనే చెబుతున్నాడు. "ఏమన్నా, నువ్వు గూడా మొదలుపెట్టినావా" అని ఊరంతా నవ్వుతోంది.